వెబ్‌క్యామ్‌లో బొమ్మ తిరగబడిందా? ముందు ఎవరికి తిరగబడిందో చూడండి

మా పిన్ని అమెరికాలో ఉన్న పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు నేర్పుతుంది. మనకు శనివారం పొద్దున, వాళ్లకు శుక్రవారం సాయంత్రం క్లాసు. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, బోర్డు మీద అఆలు రాస్తుంటే నాకు అన్నీ తిరగేసి కనబడుతున్నాయిరా. పిల్లలు తప్పు నేర్చుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది" అంది. నేను బస్సెక్కే హడావుడిలో ఉన్నాను. సాయంత్రం చూద్దాంలే పిన్నీ అన్నాను. ఆవిడ ఆగలేదు. ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి దగ్గర్లోని ఓ షాపులో ఇచ్చింది. అతను 500 రూపాయలు తీసుకుని విండోస్ మొత్తం చెరిపేసి కొత్తగా వేసిచ్చాడు. ఇంటికొచ్చి చూసుకుంటే అక్షరాలు తిరగేసే ఉన్నాయి. పైగా ఇప్పుడు పిన్ని గబ్బిలంలా తలకిందులుగా వేలాడుతోంది.

ఆవిడ మొదట చెప్పింది అసలు రోగమే కాదు. పిల్లలకు అక్షరాలు మొదటినుంచీ సరిగానే కనబడుతున్నాయి. షాపు నుంచి తెచ్చుకున్నదే నిజమైన రోగం. మీరు కూడా ఏదైనా మార్చబోయే ముందు ఈ రెండూ వేరని గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఒక చిన్న మాట. మీ కంప్యూటర్లో మెనూల పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటినే ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, పైకి చదువుకుంటే దొరికిపోతాయి.

అద్దం ఎందుకు పెట్టారు

కాల్‌లో మీ బొమ్మ మీకు కనిపించే చిన్న గడి ఉంటుంది కదా, జూమ్, మీట్, టీమ్స్ లాంటివి దాన్ని అద్దంలా తిప్పి చూపిస్తాయి. కావాలనే అలా పెట్టారు. చిన్నప్పటినుంచి మనం మన మొహాన్ని చూసుకున్నది అద్దంలోనే. బొట్టు పక్కకు జరిగితే ఎటు సర్దుకోవాలో చేతికి అలవాటైపోయింది. తిప్పకుండా చూపిస్తే కుడివైపు జుట్టు సర్దుకోబోయి ఎడమవైపు తడుముకుంటాం. అందుకని మీకు అద్దం చూపిస్తూ, అవతలివాళ్లకు మాత్రం ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటారో అలాగే పంపిస్తారు.

కాబట్టి మొదటి పని సెట్టింగ్స్‌లోకి దూరడం కాదు, అవతలివాళ్లకు ఎలా కనబడుతున్నారో తెలుసుకోవడం. అడిగితే సరిపోతుంది కానీ, "బాగానే ఉందండీ" అని మొహమాటానికి చెప్పేవాళ్లే ఎక్కువ. మీరే చూసుకోవడం మేలు. కంప్యూటర్లో ఒక మీటింగ్ మొదలుపెట్టి, దాని లింకుతో మీ ఫోన్‌లోంచి కూడా అందులో చేరండి. ఫోన్‌లో మైకు ఆపేసి, సౌండ్ తగ్గించండి, లేకపోతే రెండూ కలిసి చెవులు చిల్లులు పడేలా కీచుమంటాయి. ఇప్పుడు ఫోన్ తెరమీద కనిపించేదే లోకానికి కనిపించే మీరు.

కెమెరాకు ఎదురుగా న్యూస్ పేపర్ పట్టుకుని హెడ్డింగ్ చదవండి. పేపర్ దొరక్కపోతే మీ ఒంటిమీదే గుర్తులుంటాయి. చీర పమిట ఎడమ భుజం మీద ఉంటుంది, చొక్కా జేబు ఎడమవైపు ఉంటుంది. ఫోన్‌లోని బొమ్మలో మనిషికి అవి కుడి భుజం మీదికి, అంటే తెరకు ఎడమపక్కకు, మారిపోయి కనిపిస్తే నిజంగానే తిరగబడిందని అర్థం. గోడగడియారం ఉన్నా చాలు, తిరగబడితే 10:10 అయినప్పుడు 1:50 చూపిస్తుంది.

ఫోన్‌లో పేపర్ హాయిగా చదవగలుగుతున్నారా? అయితే అవతలివాళ్లకు అంతా సరిగ్గానే ఉంది. మీ గడిలో తిరగేసి కనబడటం ఇబ్బందిగా ఉంటేనే కింది మార్పు చేసుకోండి.

జూమ్‌లో అయితే సెట్టింగ్స్ తెరిచి, వీడియో దగ్గరికి వెళ్లి, "మిర్రర్ మై వీడియో" పక్కన ఉన్న టిక్కు తీసేయండి. టీమ్స్‌లో కూడా ఇదే పేరుతో స్విచ్ ఉంది, మీటింగ్‌లో ఉన్నప్పుడు వీడియో ఎఫెక్ట్స్, సెట్టింగ్స్ ఉండే చోట కనబడుతుంది. ఇది మీ తెరకు మాత్రమే సంబంధించినది. టిక్కు ఉన్నా తీసినా అవతలివాళ్లకు వెంట్రుకవాసి తేడా రాదు. మీట్‌లో కూడా మీ గడిలో అద్దంలా కనిపించినంత మాత్రాన అవతలికి అలా వెళ్లదు, కాబట్టి దాన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చు.

వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకునేవాళ్లకూ ఇదే అనుమానం వస్తుంది. మా బంధువుల్లో ఒకాయన గృహప్రవేశానికి రాలేని చుట్టాల కోసం జూమ్ పెట్టి, వెనక "స్వాగతం" అని బ్యానర్ బొమ్మ పెట్టుకున్నాడు. తన గడిలో అది తిరగేసి కనిపించిందని, ఫొటో యాప్‌లో బ్యానర్‌ను తిప్పి మళ్లీ ఎక్కించాడు. అప్పుడు ఆయనకు సరిగ్గా కనబడింది, చుట్టాలందరికీ తిరగబడింది. గడిలో అద్దం ఉంటే వెనక ఉన్న రాత కూడా అద్దంలోనే కనబడుతుంది. దాన్ని ముట్టుకోకండి.

తలకిందులైతే ముందు ఇవి చూడండి

మొత్తం స్క్రీనే, అంటే ఐకాన్లు, మౌస్ బాణం గుర్తుతో సహా తలకిందులైందా? అది కెమెరా గొడవే కాదు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో కంట్రోల్, ఆల్ట్, కింది బాణం కలిపి నొక్కితే తెర తిరిగిపోతుంది. పిల్లలు ఆడుకుంటూ నొక్కేస్తుంటారు. అవే రెండింటితో పాటు పై బాణం నొక్కితే తిరిగొస్తుంది. రాకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి డిస్‌ప్లే ఓరియెంటేషన్‌ను ల్యాండ్‌స్కేప్ చేయండి.

విడిగా కొన్న వెబ్‌క్యామ్ అయితే దాన్ని క్లిప్పుకు తగిలించిన తీరు చూడండి. నవ్వకండి, తలకిందులుగా బిగించినవి నేను రెండు చూశాను.

ఇక ల్యాప్‌టాప్‌లోనే ఉన్న కెమెరా నిన్నటిదాకా బాగుండి, విండోస్ మళ్లీ వేయించాకో, ఏదైనా అప్‌డేట్ అయ్యాకో తలకిందులైందనుకోండి. ఎందుకలా అవుతుందంటే, ల్యాప్‌టాప్ తెర పైన ఉండే ఆ సన్నని పట్టీలో కెమెరా బిళ్లను కొన్ని మోడళ్లలో ఫ్యాక్టరీలోనే తలకిందులుగా బిగించారు. 2010 ప్రాంతంలో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఇది బాగా కనిపిస్తుంది. అలా బిగించిన కంపెనీ, దానికి తగ్గట్టు బొమ్మను నిటారుగా నిలబెట్టే డ్రైవర్‌ను కూడా తనే ఇస్తుంది. డ్రైవర్ అంటే ఆ కెమెరాతో ఎలా మాట్లాడాలో విండోస్‌కు చెప్పే చిన్న సాఫ్ట్‌వేర్. విండోస్ కొత్తగా వేసినప్పుడు కంపెనీ డ్రైవర్ పోయి, అన్ని కెమెరాలకూ పనికొచ్చే మామూలు డ్రైవర్ వచ్చి కూర్చుంటుంది. ఆ మామూలు డ్రైవర్‌కు ఈ కెమెరా తలకిందులుగా ఉందన్న సంగతి తెలియదు. వచ్చిన బొమ్మను వచ్చినట్టే చూపిస్తుంది. పిన్ని ల్యాప్‌టాప్‌కు జరిగింది సరిగ్గా ఇదే. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని పాత మెషీన్‌లో కొత్త విండోస్ వేయించుకున్నవాళ్లకూ ఇదే ఎదురుకావచ్చు.

విండోస్‌కు బదులు లైనక్స్ వాడేవాళ్లకు ఇది పాత కథ. అక్కడ కెమెరాల కోసం రాసిన ఒక సాఫ్ట్‌వేర్‌లో, ఏ ల్యాప్‌టాప్ మోడళ్లలో కెమెరా తలకిందులుగా ఉంటుందో ఒక జాబితానే పెట్టుకున్నారు.

డ్రైవర్ సరిచేయడం

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. అందులో కెమెరాస్ అని గానీ, ఇమేజింగ్ డివైసెస్ అని గానీ ఉంటుంది. దాని పక్క బాణం నొక్కితే మీ కెమెరా పేరు కనబడుతుంది. పేరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, తర్వాత డ్రైవర్ ట్యాబ్. అక్కడ "రోల్ బ్యాక్ డ్రైవర్" అనే బటన్ ఉంటుంది. ఏదో అప్‌డేట్ తర్వాతే గొడవ మొదలైతే దాన్ని నొక్కండి, పాత డ్రైవర్ వెనక్కి వస్తుంది. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి చూడండి.

బటన్ వెలిసిపోయినట్టు ఉండి నొక్కుడు పడకపోతే, వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ లేదని అర్థం. విండోస్ కొత్తగా వేసిన మెషీన్‌లో మామూలుగా అలాగే ఉంటుంది. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌కు వెళ్లాల్సిందే. మోడల్ నంబర్ ల్యాప్‌టాప్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. స్టిక్కర్ చెరిగిపోతే స్టార్ట్‌లో "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" అని వెతికి తెరవండి, సిస్టమ్ మోడల్ అన్న లైన్‌లో దొరుకుతుంది. కంపెనీ సైట్‌లో సపోర్ట్ పేజీకి వెళ్లి, ఆ నంబర్ కొట్టి, కెమెరా డ్రైవర్‌ను దింపుకుని ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేయండి. మీ విండోస్ వెర్షన్‌కు డ్రైవర్ లేకపోయినా, దాని ముందు వెర్షన్‌ది చాలాసార్లు పనిచేస్తుంది.

దీంతోపాటు విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ కూడా ఒకసారి తెరిచి చూడండి. కంపెనీ డ్రైవర్ కొన్నిసార్లు అక్కడ ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంటుంది.

ఒకటి మాత్రం వద్దు. "మీ కంప్యూటర్లో 37 డ్రైవర్లు పాతబడ్డాయి" అని భయపెట్టి, ఒక్క క్లిక్కుతో అన్నీ సరిచేస్తామనే ప్రోగ్రాముల జోలికి పోకండి. అలాగే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలోకి వెళ్లి ఫ్లిప్ అనే విలువను మార్చమని చెప్పే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. కొన్ని డ్రైవర్లకు అది పనిచేసే మాట నిజమే. కానీ రిజిస్ట్రీలో ఎక్కడ ఏముందో తెలియకుండా వేలు పెట్టడం కొరివితో తల గోక్కోవడమే.

డ్రైవర్ దొరకలేదు, క్లాసు పది నిమిషాల్లో ఉంది

జూమ్ వాడేవాళ్లయితే బతికిపోయారు. కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసిన జూమ్ తెరిచి, సెట్టింగ్స్‌లో వీడియోకు వెళ్లండి. అక్కడ మీ బొమ్మ కనిపిస్తుంటుంది. మౌస్‌ను ఆ బొమ్మ మీదికి తీసుకెళితే పై మూలన "రొటేట్ 90°" అనే బటన్ బయటపడుతుంది. మౌస్ బొమ్మ మీద లేకపోతే ఆ బటన్ కనబడదు, అందుకే చాలామందికి అది ఉందనే తెలియదు. రెండుసార్లు నొక్కితే మీరు నిటారుగా నిలబడతారు. మిర్రర్ టిక్కులా కాకుండా, ఇది అవతలివాళ్లకు వెళ్లే బొమ్మను కూడా తిప్పుతుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, కెమెరాస్‌లోకి వెళ్లి మీ కెమెరా పేరు మీద నొక్కి చూడండి. వెలుగు, కాంట్రాస్ట్ లాంటివి అక్కడ ఉంటాయి. కెమెరాను బట్టి తిప్పే ఆప్షన్ కూడా కనబడవచ్చు. ఉంటే అదృష్టమే, మీ పని అక్కడితో అయిపోతుంది.

తిరగడం వేరు, తిప్పి రాయడం వేరు

రెండుసార్లు రొటేట్ చేశాక తల పైకొచ్చింది గానీ, ఫోన్‌లో చూస్తే పేపర్ అక్షరాలు తిరగబడ్డాయి. ఇలా జరిగితే జుట్టు పీక్కోకండి. తలకిందులు కావడంలో రెండు రకాలున్నాయి.

ఒక కాగితం మీద "క" అని రాయండి. కాగితాన్ని బల్ల మీదే సగం చుట్టు తిప్పితే అక్షరం తలకిందులవుతుంది. ఇది మొదటి రకం. అలాకాకుండా కాగితం పై అంచును పట్టుకుని మీవైపుకి బోర్లించి, వెనకనుంచి వెలుతురుకు పెట్టి చూడండి. ఇప్పుడు కూడా తలకిందులుగానే ఉంది, కానీ ఇది వేరే బొమ్మ. దీన్ని ఎంత తిప్పినా "క" సరిగా రాదు, నిటారుగా పెట్టిన ప్రతిసారీ అద్దంలో "క" లాగే ఉంటుంది. ఇది రెండో రకం. మొదటిదానికి మందు రొటేట్, రెండోదానికి ఫ్లిప్ వర్టికల్.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి పేపర్‌ను కెమెరాకు తలకిందులుగా చూపించండి. ఫోన్‌లో మామూలుగా చదవగలిగితే మొదటి రకం. అక్షరాలు నిటారుగా ఉండి కూడా తిరగేసి ఉంటే రెండో రకం. ఈ పరీక్ష ఫోన్‌లో చూస్తూనే చేయండి. మీ గడిలో చూస్తే అక్కడున్న అద్దం వల్ల మొదటి రకం రెండోదానిలా, రెండోది మొదటిదానిలా కనబడి మోసం చేస్తుంది. పిన్ని ల్యాప్‌టాప్ దగ్గర నేను ఒక అరగంట పోగొట్టుకున్నది ఇక్కడే.

ఓబీఎస్ దారి

డ్రైవర్ దొరక్కపోయినా, రెండో రకం తలకిందులైనా, మీట్ లాంటి వాటిలో బ్రౌజర్‌లోంచి మాట్లాడేవాళ్లయినా, ఏ యాప్‌లోనైనా పనికొచ్చేది ఓబీఎస్ స్టూడియో. లైవ్ ప్రసారాలు చేసేవాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ ఇది, ఉచితం. 2020లో వచ్చిన 26వ వెర్షన్ నుంచి ఇందులోనే వర్చువల్ కెమెరా ఉంది. అంటే మీ అసలు కెమెరా బొమ్మను తీసుకుని, తిప్పి, సరిచేసిన బొమ్మను ఇంకో కెమెరాలా మిగతా యాప్‌లకు అందిస్తుంది. ఓబీఎస్ అసలు సైట్‌లోంచే దింపుకోండి. తెర నిండా ఉండే బటన్లు చూసి భయపడొద్దు, మనకు కావలసినవి నాలుగే.

1. ముందు జూమ్, బ్రౌజర్, కెమెరా వాడే మిగతావన్నీ మూసేయండి. వాటిలో ఒకటి కెమెరాను పట్టుకుని ఉంటే ఓబీఎస్‌లో నల్లటి తెర తప్ప ఏమీ రాదు.

2. ఓబీఎస్ తెరవగానే దేనికి వాడతారని అడుగుతుంది. వర్చువల్ కెమెరాకు మాత్రమే వాడతాను అన్న దాన్ని ఎంచుకోండి.

3. కింద సోర్సెస్ అనే గడిలో ప్లస్ గుర్తు నొక్కి, వీడియో క్యాప్చర్ డివైస్ ఎంచుకుని, మీ కెమెరా పేరు పెట్టి ఓకే నొక్కండి. మీ బొమ్మ వస్తుంది.

4. బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ట్రాన్స్‌ఫార్మ్‌కు వెళ్లండి. మొదటి రకానికి రొటేట్ 180, రెండో రకానికి ఫ్లిప్ వర్టికల్, తల సరిగా ఉండి అవతలివాళ్లకు అద్దంలా వెళుతుంటే ఫ్లిప్ హారిజాంటల్. బొమ్మ చిన్నదై ఓ మూలన ఉండిపోతే అదే మెనూలో ఫిట్ టు స్క్రీన్ నొక్కండి.

5. కుడి పక్క కింద స్టార్ట్ వర్చువల్ కెమెరా నొక్కండి. ఇప్పుడు మీట్ గానీ జూమ్ గానీ తెరిచి, సెట్టింగ్స్‌లో కెమెరా దగ్గర మీ అసలు కెమెరాకు బదులు ఓబీఎస్ వర్చువల్ కెమెరా ఎంచుకోండి. జాబితాలో కనబడకపోతే బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి.

ఇక్కడే చాలామంది బోల్తాపడే గొయ్యి ఒకటుంది. ఓబీఎస్ తెరలో అద్దం ఉండదు, కెమెరా పంపిందాన్ని పంపినట్టు చూపిస్తుంది. అందులో పేపర్ చక్కగా చదివేసి సంతోషంగా మీట్‌కు వస్తారు. మీట్ గడిలో మళ్లీ అద్దం. "అయ్యో, తిరగబడిందే" అని ఓబీఎస్‌కు వెళ్లి ఫ్లిప్ హారిజాంటల్ చేస్తారు. ఇప్పుడు గడిలో బాగుంటుంది, అవతలివాళ్లకు పాడవుతుంది. ఓబీఎస్‌లో సరిగా ఉంటే నమ్మండి. మీట్ గడిని నమ్మకండి. అనుమానం తీరకపోతే ఫోన్ ఉండనే ఉంది.

కాల్ అయ్యేదాకా ఓబీఎస్‌ను మినిమైజ్ చేసుకోవచ్చు గానీ మూసేయకూడదు. కంప్యూటర్ ఆపి వేసిన ప్రతిసారీ దాన్ని తెరిచి వర్చువల్ కెమెరా మొదలుపెట్టాలి. ఈ శ్రమ వల్లే నేను డ్రైవర్ దారినే ముందు చెప్పాను. కాస్త పాత ల్యాప్‌టాప్ అయితే ఓబీఎస్ నడుస్తున్నంతసేపూ ఫ్యాను రొద కూడా వినాల్సి వస్తుంది.

మ్యాక్ వాళ్లకు తలకిందుల బాధ తక్కువ. అక్కడ ఎక్కువగా వచ్చే అనుమానం ఫొటో బూత్‌లో తీసిన ఫొటోలో చొక్కా మీది రాత తిరగేసి ఉండటం. ఎడిట్ మెనూలో "ఆటో ఫ్లిప్ న్యూ ఐటమ్స్" మీద టిక్కు పెడితే కొత్తగా తీసేవి సరిగా వస్తాయి. జూమ్‌లో చెప్పినవి, ఓబీఎస్ మ్యాక్‌లోనూ ఉన్నాయి.

కావాలని తిప్పుకునే సందర్భాలు

లెక్కలు చెప్పే మాస్టార్లు వెబ్‌క్యామ్‌ను స్టాండుకు వేలాడదీసి, నోట్‌బుక్ మీద రాస్తూ చూపిస్తుంటారు. కెమెరా తల మీవైపు ఉంటే పుస్తకం తలకిందులుగా వస్తుంది. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కెమెరాను స్టాండు మీదే సగం చుట్టు తిప్పండి. స్టాండు అలా తిరగకపోతే జూమ్‌లో రొటేట్ రెండుసార్లు నొక్కండి. మీ మొహాన్ని, నోట్‌బుక్‌ను రెండింటినీ చూపించాలంటే జూమ్‌లో షేర్ స్క్రీన్ నొక్కి, అడ్వాన్స్‌డ్ కింద "కంటెంట్ ఫ్రమ్ సెకండ్ కెమెరా" ఎంచుకుంటే చాలు.

కూచిపూడి, భరతనాట్యం నేర్పేవాళ్ల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఎదురుగా నిలబడ్డ గురువు కుడిచేయి ఎత్తితే చూస్తున్న పిల్లకు అది తన ఎడమవైపు కనబడుతుంది. కొత్తగా చేరిన చిన్నపిల్లలు అలాగే అనుకరించి ఎడమచేయి ఎత్తేస్తారు. వీళ్లకు అవతలివైపుకు కూడా అద్దమే వెళ్లాలి. మిర్రర్ మై వీడియో టిక్కు ఇందుకు పనికిరాదు, అది మీ తెర దాటి బయటకు పోదు. ఓబీఎస్‌లో ఫ్లిప్ హారిజాంటల్ చేసి, వర్చువల్ కెమెరాతో క్లాసు చెప్పండి. పిల్లలు అద్దంలో చూసినట్టు చూసి, మీరు ఎటు కదిలితే అటే కదులుతారు. క్లాసు చివర్లో జతులు, అంటే అడుగులకు పలికే తాళం మాటలు, బోర్డు మీద రాసి చూపించే అలవాటుంటే, రాసే ముందు కెమెరాను మళ్లీ అసలుదానికి మార్చండి. లేకపోతే పిల్లలు ఆ నోట్సును అద్దం ముందు పెట్టుకుని చదవాలి.